డెబియన్ 13కి మారాక ప్రాసెసర్ 400 మెగాహెర్ట్జ్ దగ్గరే ఎందుకు కనిపిస్తోంది?

మీ ప్రశ్నను నేను అర్థం చేసుకున్న తీరు ఇది. మీది రైజెన్ 5 5600యూ ప్రాసెసర్ ఉన్న ల్యాప్‌టాప్. అందులోని లినక్స్ ఆధారిత ఆపరేటింగ్ సిస్టమ్ డెబియన్‌ను 12 నుంచి 13కి అప్‌గ్రేడ్ చేశారు. అంతకు ముందు ఖాళీగా ఉన్న కోర్లు 1600 మెగాహెర్ట్జ్ చూపించేవి, ఇప్పుడు చాలా కోర్లు 400.000 దగ్గరే నిలబడి ఉన్నాయి. గవర్నర్ (ప్రాసెసర్ వేగాన్ని ఎలా ఎంచుకోవాలో చెప్పే విధానం) పేరు పవర్‌సేవ్ అని వస్తోంది. ప్రాసెసర్ వేగాన్ని చూపించే సీపీయూపవర్ ఆదేశం హార్డ్‌వేర్‌ను అడగలేకపోయానని చెబుతోంది. ఏ వేగంలో ఎంతసేపు గడిచిందో చెప్పే టైమ్-ఇన్-స్టేట్ ఫైలు మాయమై, ఐదు నిమిషాలకోసారి దాన్ని చదివే మీ స్క్రిప్టు గీసే గ్రాఫు ఆగిపోయింది. ప్రస్తుత వేగాన్ని చదివేలా స్క్రిప్టు మారిస్తే సగటు ఒక్కసారిగా పడిపోయింది. ప్రాసెసర్ మందగించిందా, డెబియన్ 12కి వెనక్కి వెళ్ళిపోవాలా అని అడుగుతున్నారు.

వెనక్కి వెళ్ళకండి. మీరు రాసిన లక్షణాల్లో ఏ ఒక్కటీ ప్రాసెసర్ నెమ్మదించిందని రుజువు చేయదు. మారింది డ్రైవర్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండె లాంటి కర్నల్‌లో ప్రాసెసర్ వేగాన్ని చూసుకునే భాగం. దానితో పాటు ఆ అంకెలు పుట్టే చోటు మారింది. ఇంకో సంగతి కూడా చెప్పాలి: మీరు ఇంతకాలం నమ్మిన పాత గ్రాఫు కూడా ప్రాసెసర్ నిజంగా ఎంత వేగంతో నడిచిందో చెప్పలేదు. కాబట్టి పాత అంకెలను ప్రమాణంగా పెట్టుకుని కొత్తవి తప్పని తేల్చడం కుదరదు. రెండింటినీ పక్కన పెట్టి, నిజంగా కొలిచే పద్ధతితో చూడాలి. అది పది నిమిషాల పని.

ముందు డ్రైవర్ సంగతి. సిస్ డైరెక్టరీలో ప్రతి కోర్‌కూ ఒక సీపీయూఫ్రెక్ ఫోల్డరు ఉంటుంది. అందులో స్కేలింగ్-డ్రైవర్ అనే చిన్న ఫైలు తెరవండి. డెబియన్ 12లో అక్కడ ఏసీపీఐ-సీపీయూఫ్రెక్ అని ఉండేది. ఇప్పుడు ఏఎండీ-పీస్టేట్-ఈపీపీ అని ఉంటుంది. ఏఎండీ పీస్టేట్ డ్రైవర్ 2022లో 5.17 కర్నల్‌తో వచ్చింది. వేగాన్ని ఎంచుకునే పనిని ప్రాసెసర్‌కే వదిలేసే యాక్టివ్ పద్ధతి 6.3లో చేరింది. 6.5 నుంచి, తగిన ప్రాసెసర్లలో ఆ పద్ధతే దానంతట అది అమల్లోకి వస్తోంది. డెబియన్ 12 కర్నల్ 6.1. అందులో ఈ డ్రైవర్ ఉన్నా బూట్ సమయంలో కోరితే తప్ప పని మొదలుపెట్టదు. డెబియన్ 13 కర్నల్ 6.12. కర్నల్ రచయితలు అంచెలంచెలుగా చేసిన మార్పులన్నీ మీకు ఒక్క రీబూట్‌తో వచ్చిపడ్డాయి, అందుకే ఇంత కంగారు.

పాత డ్రైవర్‌కు ఫర్మ్‌వేర్ (యంత్రంలోనే నిక్షిప్తమైన ప్రోగ్రామ్) ఇచ్చే పట్టికలో ఉండేవి మూడే వేగపు మెట్లు. మీ ప్రాసెసర్‌లో పై మెట్టు 2.3 గిగాహెర్ట్జ్, అంటే దాని మూల వేగం. కర్నల్ ఆ మూడింటిలో ఒకదాన్ని కోరేది, అంతే. పై మెట్టును కోరినప్పుడు వేడి, విద్యుత్తు అనుమతించినంత మేరకు ప్రాసెసర్ తనంతట తాను 4.2 గిగాహెర్ట్జ్ దాకా పరిగెత్తేది. ఆ పరుగు పట్టికలో ఎక్కడా నమోదయ్యేది కాదు. కొత్త డ్రైవర్‌కు మెట్లు లేవు. మీరు వాడుతున్న యాక్టివ్ పద్ధతిలో కర్నల్ చెప్పేది కనిష్ఠం, గరిష్ఠం, వేగానికీ పొదుపుకీ మధ్య మొగ్గు ఎటు అన్నది మాత్రమే. ఆ పరిధిలో ఏ క్షణాన ఏ వేగమో ప్రాసెసర్ లోపలే నిర్ణయమవుతుంది.

ఇప్పుడు 400.000 దగ్గరికి వద్దాం. దశాంశ బిందువు తర్వాత ఉన్న ఆ మూడు సున్నాలను గమనించండి. ప్రాసెసర్ వివరాలను కర్నల్ చూపించే సీపీయూఇన్ఫో ఫైలు మెగాహెర్ట్జ్‌ను మూడు దశాంశ స్థానాల వరకు రాస్తుంది. నిజంగా కొలిచిన విలువ అయితే 2871.436 లాంటి చిల్లర అంకె వస్తుంది. ఒక కోర్ ఎన్నిసార్లు చదివినా సరిగ్గా 400.000 అంటోందంటే అది కొలత కాదు, కొలత దొరకనప్పుడు ఖాళీ నింపడానికి పెట్టిన విలువ.

అది ఎక్కడ నుంచి వస్తుందో చెబుతాను. 5.19 కర్నల్ నుంచి పద్ధతి ఇలా ఉంది: పని చేస్తున్న కోర్ తన టైమర్ టిక్ (నిర్ణీత వ్యవధిలో వచ్చే సంకేతం) వచ్చినప్పుడల్లా ప్రాసెసర్‌లోని రెండు లెక్కింపు రిజిస్టర్లను (చిన్న నిల్వ గడులను) చదివి రాసి పెట్టుకుంటుంది. మీరు ఫైలు తెరిచినప్పుడు, ఆ రాత 20 మిల్లీసెకన్ల లోపుదైతే దాన్నుంచి వేగం లెక్కగట్టి చూపిస్తుంది. ఖాళీగా నిద్రపోతున్న కోర్‌కు టిక్ ఆగిపోతుంది కాబట్టి రాత పాతబడిపోతుంది. అప్పుడు కర్నల్ ఆ కోర్‌ను లేపి మరీ కొలవదు. డ్రైవర్ దగ్గర ఉన్న ప్రస్తుత విలువను అడిగి అదే చూపిస్తుంది. పాత డ్రైవర్ దగ్గర ఉండేది చివరిసారి కోరిన మెట్టు, కాబట్టి మీకు 1600 కనిపించేది. కొత్త డ్రైవర్ యాక్టివ్ పద్ధతిలో ఏ వేగాన్నీ కోరదు. మొదట్లో రాసి పెట్టుకున్న కనిష్ఠ విలువే ఆ గడిలో ఉండిపోతుంది. మీ ప్రాసెసర్‌లో అది 400. అప్పటి 1600, ఇప్పటి 400 రెండూ ఒకే రకం అంకెలు. నిద్రపోతున్న కోర్ గురించి రెండూ ఏమీ చెప్పవు. లోతైన నిద్రలో ఉన్న కోర్‌కు గడియారపు స్పందనే అందదు, దాని వేగం ఎంత అన్న ప్రశ్నకు అర్థం లేదు.

మీ మార్చిన స్క్రిప్టులో సగటు ఎందుకు పడిపోయిందో ఇప్పుడు తెలిసే ఉంటుంది. మీ ప్రాసెసర్ ఒకేసారి నడపగల పన్నెండు థ్రెడ్లలో (పని వరుసల్లో) పది ఖాళీగా ఉంటే, పది 400లు సగటులో కలిసిపోయాయి. పని చేస్తున్న రెండు థ్రెడ్లు 4000 దగ్గర ఉన్నా మొత్తం సగటు 1000 వస్తుంది. పాత డ్రైవర్‌తో అదే పరిస్థితిలో 2000 వచ్చేది. వేగం సగానికి పడిపోయిందని గ్రాఫు చెబుతుంది, యంత్రం మాత్రం ఉన్నది ఉన్నట్టే నడుస్తూ ఉంటుంది.

ఇలా జరగడం ఇది మొదటిసారి కూడా కాదు. 2017లో 4.13 కర్నల్ వచ్చినప్పుడు సీపీయూఇన్ఫోలో మెగాహెర్ట్జ్ అంకె మారడమే మానేసి మూల వేగం దగ్గర గడ్డకట్టింది. ఆ కర్నల్‌తో వచ్చిన ఉబుంటు 17.10కి మారిన వాళ్ళు తమ ప్రాసెసర్ వేగం మారడం లేదని ఇలాగే బెంబేలెత్తారు. వాళ్ళ ప్రాసెసర్లు ఎప్పటిలాగే వేగం మార్చుకుంటూ ఉన్నాయి. తర్వాతి విడుదలల్లో ఆ ఫైలు మళ్ళీ కొలిచిన విలువను చూపించడం మొదలుపెట్టింది. ఆ ఫైల్లోని ఒక్క వరుస వెనుక లెక్క ఇన్నిసార్లు మారింది కాబట్టే, రెండు కర్నళ్ళ మధ్య పోలికకు దాన్ని వాడవద్దని నేను గట్టిగా చెబుతాను.

సరైన కొలత ఏది? పైన చెప్పిన ఆ రెండు రిజిస్టర్లే. ఒకదాని పేరు ఎంపెర్ఫ్, రెండోదాని పేరు ఏపెర్ఫ్. కోర్ మేలుకుని ఉన్నంతసేపూ ఎంపెర్ఫ్ స్థిరమైన మూల వేగంతో పెరుగుతుంది, ఏపెర్ఫ్ కోర్ అప్పుడు నడుస్తున్న అసలు వేగంతో పెరుగుతుంది. కోర్ నిద్రలోకి వెళ్తే రెండూ ఆగిపోతాయి. ఒక ఉదాహరణ వేసి చూద్దాం. మూల వేగం 2300 మెగాహెర్ట్జ్. ఒక సెకనులో ఎంపెర్ఫ్ 23 కోట్లు పెరిగింది, ఏపెర్ఫ్ 41.4 కోట్లు పెరిగింది అనుకోండి. మేలుకుని ఉంటే ఎంపెర్ఫ్ సెకనుకు 230 కోట్లు పెరగాలి. 23 కోట్లే పెరిగిందంటే ఆ సెకనులో కోర్ పదో వంతు సేపే పని చేసింది. 41.4ను 23తో భాగిస్తే 1.8 వస్తుంది. దాన్ని 2300తో హెచ్చిస్తే 4140. పని చేసినంతసేపూ ఆ కోర్ సగటున 4140 మెగాహెర్ట్జ్‌లో నడిచిందన్న మాట. నిద్ర సమయాన్ని కూడా కలిపి సెకను మొత్తానికి సగటు తీస్తే 414. ఒకే కోర్, ఒకే సెకను, 4140, 414 రెండూ నిజమే. ఏ పరికరం ఏ సగటును చూపిస్తోందో తెలియకుండా అంకెను మాత్రమే చూస్తే ఎవరికైనా గుండె ఝల్లుమంటుంది.

ఈ లెక్కంతా మీ బదులు చేసిపెట్టే పరికరం టర్బోస్టాట్. డెబియన్‌లో అది లినక్స్-సీపీయూపవర్ ప్యాకేజీలోనే వస్తుంది. రూట్ అనుమతితో నడపాలి. ఎంఎస్ఆర్ పరికరం (ఆ రిజిస్టర్లను చదివే మార్గం) దొరకలేదని అంటే మోడ్‌ప్రోబ్‌తో ఎంఎస్ఆర్ మాడ్యూలు ఎక్కించండి. అది చూపించే నిలువు వరుసల్లో మీకు కావలసినవి మూడు. బిజీ శాతం అంటే కోర్ మేలుకుని ఉన్న సమయం. బిజీ మెగాహెర్ట్జ్ అంటే మేలుకుని ఉన్నప్పటి అసలు వేగం, మన ఉదాహరణలోని 4140. యావరేజ్ మెగాహెర్ట్జ్ అంటే నిద్రతో కలిపిన సగటు, ఆ 414. మీరు అడిగిన ప్రశ్నకు జవాబు బిజీ మెగాహెర్ట్జ్ వరుసలో ఉంటుంది.

ఇప్పుడు పరీక్ష. ఛార్జర్ పెట్టండి, డెస్క్‌టాప్‌లో పవర్ ప్రొఫైలు బ్యాలెన్స్‌డ్‌లో ఉంచండి, బ్రౌజరు మూసేయండి. ఒక టెర్మినల్‌లో టర్బోస్టాట్‌ను ఐదు సెకన్ల విరామంతో నడుపుతూ, మరో టెర్మినల్‌లో టాస్క్‌సెట్‌తో ఏదో ఒక కోర్‌కు కట్టేసి యెస్ ఆదేశాన్ని (ఆగకుండా ఒకే అక్షరం రాస్తూ పోయేది) నడపండి, దాని అవుట్‌పుట్‌ను డెవ్‌లోని నల్‌కు పంపేయండి. ఆ కోర్ బిజీ శాతం వందకు చేరాలి, బిజీ మెగాహెర్ట్జ్ మూల వేగమైన 2300ను బాగా దాటి 4000 చుట్టుపక్కలకు వెళ్ళాలి. వెళ్తే మీ ప్రాసెసర్ ఆరోగ్యంగా ఉంది. అన్ని కోర్లకూ ఒకేసారి పని పెడితే వేడి, విద్యుత్ పరిమితుల వల్ల ఆ అంకె తగ్గుతుంది. పల్చటి ల్యాప్‌టాప్‌లో అది సహజం. అప్పుడు 4000 రాలేదని బాధపడకండి.

దీనితో కూడా మనసు కుదుటపడకపోతే గడియారాన్నే నమ్ముకోవచ్చు. అప్‌గ్రేడ్ తర్వాత ఆటోరిమూవ్ (అక్కర్లేని ప్యాకేజీల తొలగింపు) చేసి ఉండకపోతే పాత 6.1 కర్నల్ మీ డిస్కులో ఇంకా ఉంటుంది. బూట్ అయ్యేటప్పుడు వచ్చే గ్రబ్ మెనూలో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్‌లోకి వెళ్ళి దాన్ని ఎంచుకుంటే మిగతా వ్యవస్థ అంతా డెబియన్ 13గానే ఉండి కర్నల్ ఒక్కటే పాతది అవుతుంది. పోలికకు ఇంతకంటే శుభ్రమైన పరిస్థితి దొరకదు. ఒక పెద్ద ఫైలును ఎక్స్‌జెడ్ అనే కుదింపు పరికరంతో ఒకే థ్రెడ్డుకు పరిమితం చేసి కుదించండి, టైమ్ ఆదేశంతో ఎంతసేపు పట్టిందో చూడండి. థ్రెడ్ల సంఖ్య ఒకటి అని తప్పకుండా చెప్పాలి, ఎందుకంటే కొత్త ఎక్స్‌జెడ్ చెప్పకపోతే అన్ని కోర్లనూ వాడేసుకుంటుంది. మొదటిసారి వచ్చిన సమయాన్ని లెక్కలోకి తీసుకోకండి, అందులో డిస్కు నుంచి చదివే సమయం కలుస్తుంది. తర్వాతి రెండు మూడు సార్లు వచ్చిన సమయాలను రెండు కర్నళ్ళలోనూ రాసుకుని పోల్చండి. తేడా స్వల్పంగా ఉంటే ప్రాసెసర్ మందగించలేదు, ఏ పరికరం ఏ అంకె చూపించినా సరే.

సీపీయూపవర్ ఇచ్చే ఆ సందేశం చూడడానికి భయంగా ఉన్నా హానికరం కాదు. పాత డ్రైవర్‌లో హార్డ్‌వేర్‌ను నేరుగా అడిగి వేగం చెప్పే మార్గం ఒకటి ఉండేది. కొత్త డ్రైవర్ ఆ మార్గాన్ని ఇవ్వదు. అందుకే హార్డ్‌వేర్‌ను అడగలేకపోయాను అని ఒక వరుస రాసి, కింద కర్నల్ చెప్పిన అంకెను ఇస్తుంది. ఆ కింది వరుసకు కూడా పైన చెప్పిన 20 మిల్లీసెకన్ల నియమమే వర్తిస్తుంది.

గవర్నర్ పేరు మాత్రం నిజంగా దారి తప్పించేదే. పాత డ్రైవర్‌లో పవర్‌సేవ్ ఎంచుకుంటే కోర్లన్నీ కింది మెట్టుకు కట్టుబడేవి. ఆ అనుభవం ఉన్న ఎవరికైనా ఇప్పుడు ఆ పేరు చూడగానే 400కి కారణం దొరికిందనిపిస్తుంది. యాక్టివ్ పద్ధతిలో ఉండేవి పవర్‌సేవ్, పర్ఫార్మెన్స్ రెండే. ఇక్కడి పవర్‌సేవ్ పనిని బట్టి పైకీ కిందికీ కదులుతుంది, పని పడితే గరిష్ఠానికి వెళ్తుంది. అది ఎటు మొగ్గాలో చెప్పేది ఎనర్జీ-పర్ఫార్మెన్స్-ప్రిఫరెన్స్ అనే ఫైలు. డెస్క్‌టాప్‌లో పవర్ ప్రొఫైలు మార్చినప్పుడు మారేది ముఖ్యంగా అదే. కాబట్టి గవర్నర్‌ను పర్ఫార్మెన్స్‌కు మార్చమని ఎవరైనా సలహా ఇస్తే పాటించే ముందు పై పరీక్ష చేయండి. ఆ మార్పు వల్ల బ్యాటరీ త్వరగా తరుగుతుంది, ఫ్యాను ఎక్కువగా తిరుగుతుంది, సీపీయూఇన్ఫోలో ఖాళీ కోర్ల అంకెలు మాత్రం అంతే నమ్మదగనివిగా ఉంటాయి.

ఇక మీ గ్రాఫు. టైమ్-ఇన్-స్టేట్ ఫైలు తిరిగి రాదు. అది మెట్ల పట్టిక ఉన్న డ్రైవర్లకే పుడుతుంది, కొత్త డ్రైవర్‌కు పట్టిక లేదు. డ్రైవర్‌ను పాసివ్ పద్ధతికి (వేగాన్ని కర్నలే కోరే పద్ధతికి) మార్చినా ఉపయోగం లేదు. పాత గవర్నర్లు తిరిగి వస్తాయి గాని ఆ ఫైలు రాదు. ఇంటెల్ ప్రాసెసర్ల పీస్టేట్ డ్రైవర్‌లోనూ ఇదే పరిస్థితి, కాబట్టి ల్యాప్‌టాప్ మార్చినా మీ స్క్రిప్టు పని చేయకపోవచ్చు.

ఆ ఫైలు ఏం లెక్కపెట్టేదో కూడా తెలుసుకోండి. ప్రతి మెట్టు పక్కన ఎన్ని పదేసి మిల్లీసెకన్లు గడిచాయో అందులో ఉండేది. కోర్ 4.2 గిగాహెర్ట్జ్‌లో పరిగెత్తిన సమయమంతా 2.3 గిగాహెర్ట్జ్ ఖాతాలో పడేది. రాత్రంతా నిద్రపోయిన కోర్ ఆ గంటలన్నీ చివరిసారి కోరిన మెట్టు ఖాతాలో వేసేది. హోటల్లో ఆర్డరు చీటీలు చూసి ఎవరు ఎంత తిన్నారో లెక్క కట్టినట్టే ఇది: కోరినది తెలుస్తుంది, అందినది తెలియదు. ఆ గ్రాఫు మీద ఆధారపడి విద్యుత్ వాడకం అంచనా వేసి ఉంటే, ఆ అంచనాను కూడా పునఃపరిశీలించుకోవాలి.

దాని స్థానంలో టర్బోస్టాట్‌నే 300 సెకన్ల విరామంతో సిస్టమ్‌డీ సేవగా (నేపథ్యంలో ఎప్పుడూ నడిచే పనిగా) నడపండి. బిజీ శాతం, బిజీ మెగాహెర్ట్జ్ రెండు వరుసలే చూపించమని అడిగి, వాటిని ఫైల్లో రాయించండి. ఈ పద్ధతిలో ఉన్న మేలు ఏమిటంటే, రిజిస్టర్లు ఎడతెగకుండా లెక్కపెడుతూనే ఉంటాయి కాబట్టి ఐదు నిమిషాల తేడా తీస్తే ఆ ఐదు నిమిషాల నిజమైన సగటు వస్తుంది. మీరు ఇప్పుడు చేస్తున్నట్టు ఐదు నిమిషాలకోసారి ప్రస్తుత వేగాన్ని చదివితే దొరికేది ఒక్క క్షణపు చిత్రం. పైగా ఆ చదివే పని ఏ కోర్ మీద పడిందో అది అప్పుడే మేలుకుని ఉంటుంది కాబట్టి దాని అంకె పెద్దగానే కనిపిస్తుంది. పెర్ఫ్ పరికరం వాడడం అలవాటు ఉంటే దాని స్టాట్ ఆదేశంతో ప్రాసెసర్ గడియారపు సైకిళ్ళు లెక్కించినా చాలు, అది గిగాహెర్ట్జ్ విలువను పక్కనే చూపిస్తుంది.

రెండు వరుసలనూ విడివిడిగా గీయండి. హెచ్చించి ఒకే గీతగా మార్చకండి, ఎందుకంటే యంత్రం ఎక్కువసేపు పని చేసిందా, వేగంగా పని చేసిందా అన్న తేడా అందులో కలిసిపోతుంది. కొత్త గీతను పాతదానికి అతికించవద్దు. అప్‌గ్రేడ్ చేసిన తేదీ దగ్గర నిలువు గీత గీసి, అక్కడి నుంచి కొత్త లెక్క అని రాసి పెట్టండి. ఏడాది తర్వాత ఆ గ్రాఫు చూసేది మీరే అయినా ఈ సంగతి అప్పటికి గుర్తుండదు.

ఏదైనా కారణంతో పాత మెట్లే కావాలంటే బూట్ సమయంలో కర్నల్‌కు ఏఎండీ-పీస్టేట్ డిసేబుల్ అని ఇవ్వవచ్చు. ఏసీపీఐ డ్రైవర్, దానితో టైమ్-ఇన్-స్టేట్ ఫైలు తిరిగి వస్తాయి. గ్రాఫు కోసమే అయితే నేను ఆ పని చేయను. తప్పుడు లెక్కను బతికించుకోవడానికి, వేగాన్ని సున్నితంగా సర్దుకోగల డ్రైవర్‌ను పోగొట్టుకున్నట్టవుతుంది.

వర్చువల్ మెషీన్లలో ఈ అంకెలు చూస్తున్నవాళ్ళకు ఒక మాట. అక్కడ సాధారణంగా ఆ రెండు రిజిస్టర్లు అతిథి వ్యవస్థకు అందవు, అందుకే ఒకే మూల వేగం ఎప్పుడూ మారకుండా కనిపిస్తుంది. కొలత అసలు యంత్రం మీదే జరగాలి.

మీ పరీక్షలో పని భారం పెట్టాక కూడా బిజీ మెగాహెర్ట్జ్ 400, 500 దగ్గరే ఉండిపోతే మాత్రం అది నిజమైన లోపం, అప్పుడు పైన చెప్పిన ఊరడింపు వర్తించదు. ముందు ఛార్జర్ తీసేసి బ్యాటరీ మీద అదే పరీక్ష చేయండి. బ్యాటరీ మీద వేగం పెరిగితే అనుమానం ఛార్జర్ మీదికి వెళ్తుంది. తగిన శక్తి లేని ఛార్జర్ పెట్టినప్పుడు కొన్ని ల్యాప్‌టాప్‌ల ఫర్మ్‌వేర్ ప్రాసెసర్‌ను కనిష్ఠానికి కట్టేస్తుంది. రెండు సందర్భాల్లోనూ అంతే ఉంటే యంత్రాన్ని పూర్తిగా ఆపి, ఛార్జర్ తీసి, కాసేపాగి ఆన్ చేసి చూడండి. తర్వాత బయోస్ కొత్త వెర్షన్ ఉందేమో చూడండి. అప్పటికీ మారకపోతే స్కేలింగ్-డ్రైవర్ ఫైల్లోని పేరు, పని భారం మీద ఒక నిమిషం పాటు వచ్చిన టర్బోస్టాట్ వరుసలు, అదే సమయంలో సెన్సర్స్ ఆదేశం చూపించిన ఉష్ణోగ్రత, డీమెసేజ్‌లో (కర్నల్ సందేశాల చిట్టాలో) ఏఎండీ-పీస్టేట్ ప్రస్తావన ఉన్న వరుసలు, బయోస్ వెర్షన్ ఇక్కడ పెట్టండి. పాత 6.1 కర్నల్‌లో అదే పరీక్ష ఫలితం కూడా జత చేస్తే లోపం డ్రైవర్‌దా, యంత్రానిదా అన్నది అక్కడే తేలుతుంది.